సూర్యుడు వెళ్లిపోయాక చూపించిన సూర్యాస్తమయం గురించి ఫిర్యాదు

హనుమకొండ,
2025 జనవరి 6.

మేనేజర్ గారికి,
యాత్రల విభాగం.

అయ్యా,

డిసెంబరు 12న మీ అండమాన్ యాత్రలో భాగంగా నేనూ నా భార్యా చిడియా టాపు కొండపైకి చేరేసరికి సాయంత్రం 5.35 అయింది. సూర్యుడు అప్పటికి అరగంట కిందటే సముద్రంలోకి దిగిపోయాడు. అటవీశాఖ అతిథి గృహం దగ్గర నిలబడి చీకటిని చూశాం. ఎదుట దీవులున్నాయని డ్రైవరు చెబితే నమ్మాం.

మీ వాహనం ఆలస్యంగా వచ్చిందని నేను అనడం లేదు. మీరిచ్చిన కార్యక్రమ పత్రంలో ‘5.30: కొండపై నుంచి సూర్యాస్తమయ వీక్షణం’ అని అచ్చయి ఉంది. దాదాపు ఆ వేళకే చేర్చారు. తప్పంతా ఆ వేళలోనే ఉంది.

ఫోనులో అడిగితే మీ ప్రతినిధి, ‘ప్రకృతి పరిస్థితులకు సంస్థ బాధ్యత వహించదు’ అనే నిబంధన చదివి వినిపించారు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. ప్రకృతి తన పని తాను వేళకు చేసుకుపోయింది.

నేను సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మన దేశమంతటికీ ఒకటే గడియారం. దాన్ని మీర్జాపూర్ దగ్గరగా వెళ్లే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టారు. మన హనుమకొండ అందుకు పడమటగా 79½ దగ్గర ఉంటే, చిడియా టాపు తూర్పున 92 దాటి ఉంది. తూర్పుకు జరిగే ఒక్కో డిగ్రీకి పొద్దు నాలుగు నిమిషాలు ముందని ఏడో తరగతి పిల్లలు కూడా లెక్క కట్టేవారు. డిసెంబరులో అక్షాంశం వల్ల ఆ తేడా కొంత తగ్గినా, మనకంటే అక్కడ సుమారు 40 నిమిషాలు ముందే పొద్దు గూకుతుంది. ఆ నెలలో అక్కడ సుమారు ఐదు గంటలకే సూర్యాస్తమయం అయిపోతుంది. మీ పత్రం తయారు చేసినవారు ఇక్కడి కిటికీలోంచి చూసి వేళ రాసినట్లున్నారు. (అందులో శ్రీ విజయపురాన్ని ఇంకా పాత పేరుతో పోర్ట్ బ్లెయిర్ అనే రాశారు. అది నాకూ అలవాటే, పట్టించుకోను.)

కొండమీంచి పొద్దు గూకడం చూడాలంటే మాకు పద్మాక్షి గుట్ట ఉంది, ఖర్చు లేదు. మా ఆవిడ చూడాలనుకున్నది వేరు. మేము చూసిన సముద్రమంతా విశాఖ, మచిలీపట్నం వైపుదే. అక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు కానీ నీళ్లలోకి దిగడు. ఆ దిగడం ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. మోకాళ్ల నొప్పితో, నా భుజం పట్టుకుని ఆ కొండ ఎక్కింది. పైకి వెళ్లాక ఏమీ అనలేదు. ‘దిగుదాం పదండి’ అంది, అంతే.

ఇంకొక మాట చెప్పాలి. మధ్యాహ్నం మూడింటికే డ్రైవరు, ‘సార్, ఇక్కడ ఐదింటికే చీకటి పడుతుంది, ఇప్పుడే బయలుదేరదాం’ అన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డారట, చక్కని తెలుగు. అతను మీ ప్రతినిధికి ఫోను చేస్తే, కార్యక్రమం ప్రకారం ముందు ముత్యాల దుకాణానికి తీసుకెళ్లాలని ఆదేశించారు. ఆ దుకాణంలో గంటంబావు కూర్చోబెట్టారు. మేము ఒక్క పూస కూడా కొనలేదు.

ఆ రోజు వాహనానికీ వీక్షణానికీ విడిగా వసూలు చేసిన రూ. 3,800 తిరిగి ఇవ్వండి. పత్రంలో వేళను నెలవారీగా సవరించి, ఆ ప్రతి నాకు పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌కు వెళతాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫిర్యాదు రుసుము కూడా లేదు. కార్యక్రమ పత్రం, రసీదు, కొండపై తీసిన చీకటి ఫొటో జతచేస్తున్నాను. ఫొటో కింద సమయం కనిపిస్తుంది.

ఈ ఉత్తరం కారణంగా ఆ డ్రైవరును మాత్రం ఏమీ అనకండి. ఆ రోజు మీ తరఫున సరైన మాట చెప్పింది అతనొక్కడే.

భవదీయుడు,
మీ యాత్రికుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు