పాచిపని చేసే ఆడవాళ్ళ పేర్లు ఏ జాబితాలో ఉన్నాయి?

సంపాదకులకు నమస్కారం.

కరోనా వల్ల ఈ 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 కాగానే కర్ఫ్యూ. మొన్ననే 2 గంటల దాకా సడలించారు. ఈసారి కరోనా మా కర్నూలులో ఎన్ని ఇళ్ళను ఏడిపించిందో చూశాను కాబట్టి కర్ఫ్యూ వద్దని అనను. కానీ దానివల్ల ఇళ్ళలో పాచిపని చేసే ఆడవాళ్ళకు ఏమవుతోందో ఎవరూ రాయడం లేదు.

మా ఇంటికి వచ్చే ఆమెది బుధవారపేట. పొద్దున రెండిళ్ళు, సాయంత్రం రెండిళ్ళు. గిన్నెలు తోమి, కసువు ఊడ్చి, బట్టలు ఉతికితే అన్నీ కలిపి నెలకు 6 వేలు. కర్ఫ్యూ పెట్టిన రోజే సాయంత్రం ఇళ్ళు రెండూ పోయాయి. పొద్దున ఇళ్ళలో ఒకరు "తగ్గినాక చెప్తాంలే" అన్నారు. మిగిలింది మా ఇల్లొక్కటే. పొదుపు సంఘం కంతు మాత్రం ఆగలేదు. ఒకరోజు మా ఇంట్లోనే ఆలస్యమై 12 దాటాక వెళ్తుంటే పోలీసులు ఆపి కార్డు చూపించమన్నారట. ఆమె దగ్గర ఏ కార్డు ఉంటుంది? "గిన్నెలు తోమొస్తున్నా సార్" అని నలుగురిలో చెప్పుకోవాల్సి వచ్చిందని మర్నాడు నా ముందు ఏడ్చింది.

నిరుడు లాక్‌డౌన్‌లో రేషన్ కార్డుకు వెయ్యి రూపాయలు, జన్‌ధన్ ఖాతాలో మూడు నెలలు 500 చొప్పున పడ్డాయి. అవి ఆదుకున్నాయి. ఆ తర్వాత టైలర్లకు, రజకులకు, నాయీ బ్రాహ్మణులకు చేదోడు పథకం కింద 10 వేలు, వీధి వ్యాపారులకు జగనన్న తోడు కింద 10 వేల వడ్డీలేని అప్పు ఇచ్చారు. మంచిదే. ఆడవాళ్ళకు ఇచ్చే చేయూత పథకం సాయం రావాలంటే 45 ఏళ్ళు నిండాలి, ఈమెకు 34. పాచిపనివాళ్ళకంటూ ఏమీ లేదు. మా వార్డు సచివాలయంలో అడిగితే అలాంటి జాబితానే లేదన్నారు.

ఇంటి పనిని 2007లోనే కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. ఆ లెక్క చూసి జీతం ఇచ్చే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు, మా ఇంటితో సహా. నిరుడు ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు కర్నూలులో వచ్చినప్పుడు భయపడి ఆమెను రావద్దన్నాను. ఒక నెల జీతం ఇచ్చి, రెండో నెల ఆపేశాను. ఇంట్లో కూర్చుని పనిచేసిన మా అబ్బాయికి మాత్రం నెలనెలా జీతం పడింది. నేను చేసింది తప్పు. ఆ నెల డబ్బు ఈమధ్యే ఆమె చేతిలో పెట్టాను.

జ్వరం సర్వే కోసం వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. పాచిపనికి వెళ్ళేవాళ్ళు ఉన్నారా అని అప్పుడే అడిగి రాసుకోవచ్చు కదా! ఆ జాబితాతో నగరపాలక సంస్థ వాళ్ళకు ఒక గుర్తింపు కార్డు ఇవ్వాలి. రోజూ నాలుగిళ్ళు తిరిగే మనుషులు కాబట్టి వయసు చూడకుండా టీకా ముందే వేయాలి. ఈసారి సాయం ఇచ్చేటప్పుడు వాళ్ళనూ లెక్కలోకి తీసుకోవాలి.

పని చేయించుకునే వాళ్ళకు కూడా ఒక మనవి. కర్ఫ్యూ వల్ల రాలేని నెలకు జీతం ఆపకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు కుటుంబాలం మాట్లాడుకుని ఈ నెల నుంచి పూర్తి జీతం ఇస్తున్నాం.

– ఒక గృహిణి, వెంకటరమణ కాలనీ, కర్నూలు (జూన్ 2021)