నాన్నగారి కోసం నిలబడిన మా సంఘానికి కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మన సంఘ పాస్టరైన మా నాన్నగారు నెల్లూరు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంటికొచ్చారు. బైపాస్ బాగా జరిగింది, మెల్లగా నడుస్తున్నారు. ఫోన్ చేసినవాళ్లందరికీ పేరుపేరునా జవాబివ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. పైఖర్చులకి సంఘం చందా వేసుకుంది. రక్తమిచ్చిన యవనస్తులకి, రాత్రిళ్లు వరండాలో దుప్పటి పరుచుకుని పడుకున్న సంఘ పెద్దలకి, కందుకూరు నుంచి తెల్లవారుజాము బస్సుకి క్యారేజీ పంపిన స్త్రీల సమాజం అక్కలకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పిన దగ్గర్నుంచి నాన్నగారి గిన్నెకి గుర్తుగా ఎర్రదారం కట్టి పంపేవాళ్లు. పక్క బెడ్ పెద్దావిడ అది చూసి, "మీకు ఎంతమంది అక్కచెల్లెళ్లమ్మా!" అంది.

మూడు నెలలు వాక్యం చెప్పకూడదని డాక్టర్ అన్నప్పుడు ఆదివారాలు ఎట్లా గడుస్తాయోనని అమ్మకీ నాకూ ఒకటే టెన్షన్. నాన్నగారు మాత్రం నిమ్మళంగా ఉన్నారు. ఒక వారం టీచరుగారు వాక్యం చెప్పారు, మరో వారం తాపీ పని చేసే తమ్ముడు చెప్పాడు. కానుకలు ఎప్పట్లాగే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో సంతకాలు చేసి బ్యాంకులో వేశారు. ఈ మధ్యలో ఒక తాత ప్రభువునందు నిద్రిస్తే పెద్దలే భూస్థాపన జరిపించారు. ఏదీ ఆగలేదు.

ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. పాస్టరుగారుండగా ఈ పిల్లోడు వాక్యం చెప్పడమేంటని కొందరు మొహమ్మీదే అన్నా, నాన్నగారు ఏళ్ల తరబడి సంఘంలోవాళ్లనే వాక్యం చెప్పడానికి ముందుకు తోశారు. ఎవరైనా గట్టిగా అడిగితే క్లౌ దొర సంగతి ఎత్తుకునేవారు.

1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు మనవైపు సంఘాల్లో వినని వాళ్లు తక్కువ. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడికొచ్చేసరికి నాన్నగారి గొంతు పెరుగుతుంది. ఆ రోజు ఏట్లో దిగి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున. అంతకుముందే తోలుపని చేసుకునే తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు. "దొర 1910లో పోయాడు. ఒంగోల్లో ఆసుపత్రికి ఆయన పేరుంది, మంచిదే. కానీ సంఘాలు నిలబడింది పేరయ్య లాంటోళ్ల వల్ల" అంటారు నాన్నగారు. నాకైతే ఇందులో దొరకి కాస్త అన్యాయం జరిగిందనిపిస్తుంది. అంత పేరున్న మనిషి పనిని వేరేవాళ్ల చేతికిచ్చి గట్టున నిలబడటం కూడా తేలికేం కాదు. నాన్నగారూ చేసింది అదే, ఆయన ఒప్పుకోరు గానీ.

చందాలో మిగిలిన డబ్బు బిల్లులతో సహా ట్రెజరరుగారికి అప్పజెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా చూసుకోవచ్చు. చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక రండి, ఆయనతో ఎక్కువ మాట్లాడించకండి. దయచేసి ఊరగాయలు మాత్రం తేవద్దు, దాచిపెట్టడం మా వల్ల కావట్లేదు.