సూ బర్డ్ ఆట గురించి

ఒరేయ్ శీనూ,

మీ స్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీముకి చూపించడానికి మంచి గార్డు, అంటే బంతి తెచ్చి ఆట నడిపే మనిషి, ఎవరో చెప్పమన్నావు కదా. ఇందులో ఆలోచించేదేం లేదురా, అమెరికా ఆటగత్తె సూ బర్డ్. మనిషి ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. అంటే అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏలో పొడగరి లెక్కలోకి రాదు. గాల్లోకి ఎగిరి అబ్బురపరిచే రకం కూడా కాదు. అలాంటి మనిషి ఆ లీగులో 19 సీజన్లు, 580 మ్యాచులు ఆడి 3,234 అసిస్టులు (అందుకున్నవాళ్ళు బుట్టలో వేసేలా ఇచ్చిన పాసులు) ఇచ్చింది. 2022లో ఆట మానేసేనాటికి మ్యాచుల్లోనూ అసిస్టుల్లోనూ ఆవిడదే రికార్డు. ఆ లీగులో ఆడినదంతా ఒక్క సియాటిల్ స్టార్మ్ జట్టుకే.

పిల్లలకి ముందుగా చూపించాల్సింది ఆవిడ పిక్ అండ్ రోల్, అంటే తోటి మనిషి డిఫెండర్‌కి అడ్డు నిలబడి, వెంటనే ఖాళీలోకి కదిలి పాస్ అందుకునే ఎత్తు. 2004, 2010 లీగు టైటిళ్ళప్పుడు పక్కన లారెన్ జాక్సన్ ఉండేది, ఆరడుగుల ఐదంగుళాల ఆస్ట్రేలియా అమ్మాయి. జాక్సన్ వచ్చి స్క్రీన్ పెడుతుంది, అంటే బర్డ్‌ని కాసే డిఫెండర్‌కి అడ్డుగా నిలబడుతుంది. బర్డ్ వెంటనే కదలదు, గమనించు. జాక్సన్ రెండు కాళ్ళూ నేలమీద ఊని ఆగేదాకా బంతిని కింద కొట్టుకుంటూ నిలబడుతుంది. మన పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. స్క్రీన్ పెట్టేవాళ్ళు ఇంకా కదులుతుండగానే పరుగు తీస్తారు. అప్పుడు వాళ్ళు డిఫెండర్‌ని గుద్దుకుంటే ఫౌల్ మనమీదే పడుతుంది.

ఇక స్క్రీన్ దాటేటప్పుడు తన భుజం జాక్సన్ నడుముని రాసుకుంటూ పోవాలి. మధ్యలో అడుగు ఖాళీ వదిలినా డిఫెండర్ దూరిపోతుంది, స్క్రీన్ పెట్టిన శ్రమంతా వృథా. దాటాక రెండు డ్రిబుల్స్ వేస్తుంది, చూపు మాత్రం జాక్సన్‌ని కాపు కాస్తున్న మనిషి మీద ఉంటుంది. ఆ మనిషి వెనక్కి తగ్గి రింగు దగ్గర నిలబడితే, బర్డ్ అక్కడే ఆగి జంప్ షాట్ వేస్తుంది. ముందుకొచ్చి బర్డ్‌ని అడ్డుకుంటే జాక్సన్ ఖాళీ అవుతుంది. జాక్సన్ రింగువైపు దూసుకెళ్ళినా సరే, వెనక్కి జరిగి మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడినా సరే, బంతి చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఆ పాస్ మీద విడిగా ఒక రోజు పెట్టు. ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోంచి పోయే బౌన్స్ పాస్ అది. బంతి నేలని తాకే చోటు ఇచ్చేవాళ్ళకీ అందుకునేవాళ్ళకీ మధ్య దూరంలో దాదాపు మూడింట రెండొంతుల దగ్గర ఉండాలి. మరీ ముందే పడితే బంతి నెమ్మదిగా పైకి లేస్తుంది, డిఫెండర్ చెయ్యి పెట్టేస్తుంది. మరీ దగ్గరికొచ్చి పడితే అందుకునేవాళ్ళు మోకాళ్ళ దగ్గరికి వంగాలి, ఈలోగా ఖాళీ మూసుకుపోతుంది. ఇంకోటి, అమ్మాయిలకి 6వ సైజు బంతే ఇవ్వు, చుట్టుకొలత 28.5 అంగుళాలు. అబ్బాయిల 7వ సైజు 29.5 ఉంటుంది. చేతికి పెద్దదైన బంతితో ఒంటిచేతి పాస్ అలవాటు కాదు.

స్క్రీన్ దగ్గర తొందరపడని బర్డ్ నిదానానికి ఒక పరీక్ష కూడా వచ్చింది. ఆవిడ 2002లో మొదటి డ్రాఫ్ట్ పిక్‌గా (జట్లు కొత్తవాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు అందరికన్నా ముందు) వచ్చినప్పుడు లీగులో ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి గడువు, 30 సెకన్లు. 2006 నుంచి పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, షాట్ క్లాక్ 24 సెకన్లు. ఆరు సెకన్లు పోతే గార్డుకి ఆలోచించే సమయం ఎంత తగ్గుతుందో నీకు చెప్పాలా! పిల్లలతో ఒకసారి 24 సెకన్లకి, ఒకసారి 30 సెకన్లకి గంట మోగేలా పెట్టి ఆడించి చూడు, వాళ్ళకే తెలుస్తుంది.

బర్డ్ మోకాళ్ళ సంగతి కూడా రాయాలి. కనెక్టికట్ యూనివర్సిటీలో మొదటి ఏడాది ఎనిమిది మ్యాచులు ఆడగానే ఎడమ మోకాలి లిగమెంటు తెగింది, ఏసీఎల్ అంటామే, అది. సీజనంతా పోయింది. కోలుకుని 2000లోనూ, 39 మ్యాచుల్లో ఒక్కటీ ఓడని 2002లోనూ కాలేజీ ఛాంపియన్ అయింది. తర్వాత 2013, 2019 సీజన్లు కూడా మోకాలి ఆపరేషన్లతోనే పోయాయి. ఆడపిల్లల్లో ఈ గాయం ఎక్కువరా, అందుకని వార్మప్ ఎగ్గొట్టనివ్వకు. వారానికి రెండు మూడు సార్లు, పదిహేను నిమిషాలు చాలు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంచి దిగాలి, రెండు మోకాళ్ళూ లోపలికి ఒరగకూడదు. ఒక్కొక్కళ్ళనీ ఎదురుగా నిలబడి చూడు, పక్కనుంచి చూస్తే ఆ ఒరగడం కనపడదు.

వీడియో ఒక్కటే చూపిస్తానంటే 2018 సెమీఫైనల్ ఐదో మ్యాచ్ చూపించు, ఫీనిక్స్ మెర్క్యురీ జట్టు మీద. అంతకు ముందు మ్యాచులోనే ముక్కు విరిగింది, మొహానికి మాస్క్ కట్టుకుని దిగింది. వయసు 37. మొత్తం 22 పాయింట్లు చేస్తే, అందులో 14 ఆఖరి క్వార్టర్లోనే. సియాటిల్ 94-84తో గెలిచి, ఫైనల్లో వాషింగ్టన్‌ని వరసగా మూడు మ్యాచుల్లో ఓడించింది. ఆ ఏడాదే సగటున మ్యాచుకి 7.1 అసిస్టులు, కెరీర్ మొత్తంలో అదే ఎక్కువ. ముప్ఫై ఏడేళ్ళకి కెరీర్లో అత్యుత్తమం అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

2020 ఫైనల్ మొదటి మ్యాచులో లాస్ వెగాస్ మీద 16 అసిస్టులు ఇచ్చింది, నాలుగో టైటిల్ అప్పుడే. ఒలింపిక్ బంగారాలు ఐదు, 2004 ఏథెన్స్ నుంచి 2021లో జరిగిన టోక్యో దాకా ఒక్కటీ వదల్లేదు. చలికాలాల్లో రష్యా క్లబ్బులకి ఆడి యూరప్ క్లబ్బుల పోటీ యూరోలీగ్ కూడా ఐదుసార్లు గెలిచింది. 2025లో బాస్కెట్‌బాల్ మహామహులని గౌరవించే నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మొదటి వారం షాట్ల జోలికి పోకు, స్క్రీనూ బౌన్స్ పాసూ మాత్రమే చేయించు. రెండో వారం డిఫెండర్‌ని కలుపు. ఎక్కడ తడబడుతున్నారో చిన్న వీడియో తీసి పంపు, చూసి రాస్తాను.

నీ
మురళి