కిటికీ కింద ఎదురుచూసినవారికి

నిన్న సాయంత్రం మా పాప వీపు మీద ఆఖరి పొక్కు కూడా ఎండి పెచ్చు కట్టింది. డాక్టరుగారు చూసి, "ఇక బయటకు పంపవచ్చు" అన్నారు. 23 రోజుల తర్వాత రేపు పాప గడప దాటబోతోంది. ఈలోగా ఈ మాటలు రాసి తీరాలి. మా ఇంట్లో అడుగు పెట్టకుండానే ఇన్ని రోజులూ మా పిల్లల పక్కన ఉన్నవాళ్ళు కొందరున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకున్నాను. నలుగురి ముందూ చెప్పకపోతే మాత్రం నా మనసుకు తృప్తి లేదు.

జరిగింది చాలా ఇళ్ళలో జరిగేదే. బాబుకు ఎనిమిదేళ్ళు, పాపకు నాలుగు. మొదట బాబుకు జ్వరం వచ్చింది, మర్నాటికి పొట్ట మీద నీటి పొక్కులు కనబడ్డాయి. ఆటలమ్మ. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అవన్నీ పెచ్చులు కట్టేదాకా ఇది ఇతరులకు అంటుకుంటుంది. సోకినవారిలో బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. బాబు తొమ్మిదో రోజున బడికి వెళ్ళగలిగాడు. పాపకు వస్తుందో రాదో, వస్తే ఏ రోజున వస్తుందో చెప్పగలిగేవారు లేరు. మా అంతస్తులోనే, పక్క ఫ్లాటులో, ఆరో నెల గర్భవతి ఉన్నారు. ఆమెకు చిన్నతనంలో ఆటలమ్మ రాలేదు. గర్భవతులకు ఇది సోకితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం కావచ్చు. అందుకే పాపను మొదటి రోజు నుంచే ఇల్లు కదలనివ్వలేదు. అనుకున్నట్టే పదిహేనో రోజున తన మెడ మీద మొదటి పొక్కు కనబడింది. దీనికి టీకా ఉంది, మేము ఆలస్యం చేశాం. చిన్నపిల్లలు ఉన్నవారు మీ డాక్టరును ఒకసారి అడగండి.

మొదటి కృతజ్ఞత డాక్టరుగారికే. మందు చీటీ రాయడంతో ఆయన సరిపెట్టలేదు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వవద్దని, గోళ్ళు పొట్టిగా కత్తిరించమని, గీరితే పొక్కు చితికి చీము పడుతుందని, మచ్చ కూడా మిగలవచ్చని చెప్పి, చివరగా ఒక మాట అన్నారు: "వాడి చేతులకు పని కల్పించండి." ఆ మాట విన్నాక పిల్లల కాలక్షేపాన్ని నేను వేరే కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. చేతులు ఆటలో ఉన్నంతసేపూ అవి పొక్కుల మీదకు వెళ్ళవు. అయితే పరుగులు పెడితే ఒళ్ళు వేడెక్కి, చెమట పట్టి దురద ఎక్కువవుతుంది. అంటే కూర్చునే ఆడాలి, చేతులు ఊరుకోకూడదు. ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ మొదటి రోజు పొద్దున్న పదింటికే అయిపోయాయి. బాబు గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరూ చూడకుండా మోచెయ్యి గీరుకుంటున్నాడు. మావారు సాయంత్రం దాకా ఇంటికి రారు. ఆ పూట నాకు నిజంగా ఏడుపు వచ్చింది.

అప్పుడే కింది నుంచి మాస్టారు పిలిచారు. నేల అంతస్తులో ఉండే ఆయన చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. "అమ్మాయ్, ఒక సంచికి తాడు కట్టి కిందికి వదులు" అన్నారు. వదిలాను. పైకి లాగితే అందులో ఒక కవరు, కవరులో ఒక తెల్ల కాగితం, చిన్న చీటీ. చీటీలో ఇలా ఉంది: "ఈ కాగితంలోంచి మనిషి దూరి అవతలికి రావాలి. కత్తెర వాడవచ్చు. కాగితం రెండు ముక్కలు కాకూడదు. సాయంత్రం ఐదింటికి కిటికీ కింద ఉంటాను. చూపించాలి."

బాబు లేచి కూర్చున్నాడు. ముందు మధ్యలో పెద్ద రంధ్రం కత్తిరించాడు, తల కూడా పట్టలేదు. తర్వాత పాత వార్తాపత్రికల మీద ప్రయత్నించాడు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా వాడి ఆలోచన దాని మీదే. మూడు గంటలు దాటాక కిటుకు దొరికింది. కాగితాన్ని నిలువుగా సగానికి మడవాలి. మడత వైపు నుంచి ఒక కోత, తెరిచి ఉన్న వైపు నుంచి ఒక కోత, అలా ఎదురెదురుగా కోస్తూ పోవాలి. ఏ కోతా అవతలి అంచు దాకా వెళ్ళకూడదు. మొదటి కోత, చివరి కోత మడత వైపు నుంచే పడాలి. ఆఖరున మడత వెంబడి కత్తిరించాలి, కానీ రెండు చివర్లలో ఉండే పట్టీలను మాత్రం వదిలెయ్యాలి. విప్పితే ఆ చిన్న కాగితం పెద్ద పూలదండలా సాగుతుంది. ఐదింటికి బాబు కిటికీ దగ్గర నిలబడి, ఆ దండను తల మీదుగా వేసుకుని కాళ్ళ దాకా దించి బయటకు అడుగు వేశాడు. కింద మాస్టారు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. ఆ రోజు వాడు పొక్కులను ఎన్నిసార్లు తాకాడో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మాస్టారూ, అలాంటి చీటీలు నేను కూడా పుస్తకాలు వెతికి రాయగలిగేదాన్నేమో. సాయంత్రం ఐదింటి ఆ ఎదురుచూపు మాత్రం మీరు తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. చేసినదాన్ని చూడడానికి ఒక మనిషి కింద ఎదురుచూస్తున్నాడని తెలిసినప్పుడు పిల్లవాడి చేతుల్లోకి వచ్చిన పట్టుదలను నేను పక్కనే కూర్చుని చూశాను. అదే కాగితాన్ని నేను ఇచ్చి ఉంటే పది నిమిషాల్లో పక్కన పడేసేవాడు. వాన పడిన రోజున కూడా మీరు మనవరాలి పసుపు గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డారు. 23 రోజుల్లో ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

ఆ పసుపు గొడుగు మా ఇంట్లోకి వచ్చిన రోజు గురించి రాయకుండా ఉండలేను. బాబు పొక్కులు వచ్చిన ఆరో రోజు. చీటీలో "గదిని చీకటి చేసి నన్ను లోపలికి పిలవండి" అని ఉంది. కిటికీకి అట్టలు అడ్డంపెట్టి, సందులన్నీ గుడ్డలతో మూసేశాం. ఒక అట్టకు నడుమ చిటికెన వేలు పట్టేంత రంధ్రం చేశాం. బయట మంచి ఎండ. మొదట ఏమీ కనబడలేదు. నాలుగైదు నిమిషాలకు కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. ఎదుటి తెల్లగోడ మీద వీధి అంతా మెల్లగా తేలింది, రంగులతో సహా, తలకిందులుగా. ఆకాశం కింద ఉంది, నేల పైన ఉంది. చెట్ల ఆకులు కదులుతున్నాయి. వీధికి అవతల ఎండలో మాస్టారు జానెడు మనిషిగా కనబడుతున్నారు, ఆయన తల కింద పసుపు గొడుగు వేలాడుతోంది. పాప "అయ్యో, మాస్టారు పడిపోతారు!" అని నా కొంగు పట్టుకుంది.

వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి పైనుంచి వచ్చేది రంధ్రం దాటాక కిందికి, కిందినుంచి వచ్చేది పైకి వెళ్ళి గోడను తాకుతుంది. బాబు ఇది తనంతట తానే రెండు పెన్సిళ్ళను అడ్డంగా పెట్టి చెల్లెలికి చూపించాడు. దాదాపు వెయ్యేళ్ళ కిందట ఇబ్న్ అల్ హైతమ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి చీకటి గది ప్రయోగాల గురించి రాశారని సాయంత్రం మాస్టారు కిటికీ కింద నుంచి చెప్పారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరు. ఆరు రోజులుగా బయటకు వెళ్ళలేని ఇద్దరు పిల్లలు, తమ గోడ మీదకు వచ్చిన వీధిని అరగంట సేపు మాట్లాడకుండా చూశారు. వాళ్ళ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎవరూ గీరుకోలేదు.

పక్క ఫ్లాటు అక్కకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కా, మా వల్ల మీరు భయపడవలసిన రోజులవి. "మీ తలుపు తెరిచే ముందు ఫోను చేయండి, మెట్ల మీద ఎదురుపడకుండా చూసుకుంటాను" అన్నారంతే, ఒక్క మాట కఠినంగా అనలేదు. పైగా రెండో రోజున గంట కొట్టి వెళ్ళిపోయారు. తలుపు తీస్తే ఒక అట్టపెట్టె ఉంది. రంగు కాగితాలు, గుడ్డ పీలికలు, ఊలు ఉండలు, జిగురు, మూత మీద "అడిగి తీసుకోనక్కరలేదు" అని మీ చేతిరాత. రాబోయే పాపాయికి మా పిల్లలు ఊలుతో, కాగితం పక్షులతో వేలాడే బొమ్మ చేశారు. వారం రోజులు పక్కన పెట్టి, మీరు సరేనన్నాకే ఇస్తాం.

ఉప్పు, పిండి కలిపి ముద్ద చేసి బొమ్మలు చేయించమని చెప్పిన స్నేహితురాలికి కూడా ధన్యవాదాలు. రెండు గ్లాసుల పిండి, గ్లాసు ఉప్పు, గ్లాసు నీళ్ళు, ఆ కొలత చక్కగా కుదిరింది. కానీ ఇది చదివి ఎవరైనా చేయబోతే ఒక సంగతి గుర్తుంచుకోండి. అరచేతుల మీద చితికిన పొక్కులు ఉన్నప్పుడు ఉప్పు భగ్గున మండుతుంది. బాబు ఒక్కసారి ముట్టుకుని కేక పెట్టాడు. పెచ్చులు కట్టాక మళ్ళీ తీస్తే రెండు పూటలు కదలలేదు.

అన్నిటికన్నా కష్టమైనది రెండో వారం. అన్న బడికి వెళ్ళిపోయాడు, పాపకు ఏ జబ్బూ లేదు, అయినా బయటకు పోవడానికి లేదు. ఎందుకు వెళ్ళకూడదో నాలుగేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. ఒంట్లో ఉన్న బలమంతా గోడలకు కొట్టుకుంటోంది. 3, 4 ఏళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, అందులో కనీసం గంట ఒక మోస్తరుగానో గట్టిగానో ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇరుకు ఇంట్లో అదెలా సాధ్యమని అనుకున్నాను. నేల మీద రంగు టేపుతో గీతలు అతికించాం. ఒక గీత మీద ఒంటికాలితో గెంతాలి, ఒక గీత మీద పడకుండా నడవాలి, రెండు కుర్చీల మధ్య కట్టిన ఊలు కింద నుంచి పాకాలి. బెలూను నేలను తాకకుండా ఎగరేయాలి. అది పగిలితే ముక్కలన్నీ నేను వెంటనే ఏరేదాన్ని, చిన్నపిల్లల గొంతులో ఇరుక్కుంటే ప్రమాదం. సాయంత్రం నాలుగింటికి మా తమ్ముడు వీడియో కాల్‌లో వచ్చి, ఒక రోజు పీతలా, ఒక రోజు ఎలుగుబంటిలా, ఒక రోజు కప్పలా నడిచేవాడు. పాప తనతో పాటు నడిచేది. తమ్ముడూ, నీ ఆఫీసు పనిలో నుంచి ఆ 20 నిమిషాలు ఎలా మిగిల్చావో నాకు తెలుసు.

ఈ గెంతులన్నీ భరించింది మొదటి అంతస్తు పిన్నిగారు. ఆవిడవి రాత్రి డ్యూటీలు, పగలు నిద్రపోవాలి. భయపడుతూ ఫోను చేస్తే, "పదకొండు నుంచి మూడు దాకా ఒక్కటి నన్ను పడుకోనివ్వమ్మా, మిగతా పొద్దంతా పాపను దూకనివ్వు" అన్నారు. పిన్నిగారూ, మీ నిద్ర విలువ నాకు తెలుసు. మీరు మేలుకోగానే పాప కాగితపు కప్పుల ఫోను కిటికీలోంచి కిందికి దించేది. దారం బిగుతుగా ఉండాలి, గోడను తాకకూడదు, తాకితే కంపనం అక్కడే ఆగిపోయి మాట వినబడదు. మీరు కిటికీలోంచి కాస్త వంగి, దారం గోడకు తగలకుండా కప్పును చెవికి పెట్టుకుని, "నాకు చక్కగా వినబడుతోంది, ఇంకా చెప్పు" అనేవారు.

బొమ్మల సినిమాలు చూపించలేదని చెప్పను. జ్వరం ఎక్కువగా ఉన్న రాత్రుళ్ళలో చూపించాను, అవి ఆదుకున్నాయి. కానీ నిద్రపుచ్చింది మా పెద్దమ్మ గొంతు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోనులో ఒక కథ. సరిగ్గా గుహ తలుపు తెరుచుకునే చోట ఆపేసి, "లోపల ఏముందో రేపు మీరు నాకు చెప్పాలి" అనేది. మర్నాడు పిల్లలు ఏం చెబితే కథ ఆ దారిలోనే సాగేది. మూడో వారంలో జ్వరంతో ఉన్న పాప గుహలో ఒక దీపం ఉందని చెప్పింది. పెద్దమ్మ ఆ దీపాన్ని కథ చివరిదాకా ఆరిపోనివ్వలేదు.

ఆ మూడో వారంలో మాస్టారి చీటీలు బాబు చేతికి వచ్చాయి. బడి నుంచి వస్తూ ఆయన దగ్గర ఆగి, ప్రశ్న తీసుకుని, మెట్లెక్కి వచ్చి చెల్లెలి మంచం పక్కన కూర్చునేవాడు. ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే: "పొద్దున్న తొమ్మిదింటికి కిటికీలోంచి పడే ఎండ ఇవాళ ఎక్కడ ఉంది?" మొదటి వారంలోనే నేల మీద సుద్దముక్కతో ఆ ఎండ ముక్క చుట్టూ గీత గీశారు. రోజూ అదే వేళకు కొత్త గీత గీస్తూ వచ్చారు. ఇప్పుడు మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య పాప రెండు పాదాలు పట్టేంత ఖాళీ ఉంది. ఆ గీతలను తుడవలేదు, తుడవను.

మాస్టారూ, రేపు సాయంత్రం ఐదింటికి మీరు కిటికీ కింద నిలబడవద్దు. పాపే కిందికి వస్తుంది. పసుపు గొడుగు మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. దాన్ని మీ తలకు పైన చూడాలని తను నిన్నటి నుంచి అడుగుతోంది.