నీ మేస్టారికి ఉపన్యాసాలు తగ్గించు

విజయనగరం

చిరంజీవి చిన్నబాబుకి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు రాస్తున్న బడి సీరియల్ స్క్రిప్టు చదివాను. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు కనుక ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మీ డైరెక్టరుగారికి చూపించకు. చూపించినా నాకేం భయం లేదనుకో.

ముందు మంచి చెబుతాను. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు కంచాలు పట్టుకుని తోసుకునే సీను చాలా బాగా రాశావు. గుడ్డు పెట్టే రోజున హాజరు పెరుగుతుందని నీకెలా గుర్తుందో గాని, అది నిజం. ఇక నీ మేస్టారు. మంచివాడు, అందగాడు, బండి మీద వస్తాడు. వచ్చిన రోజే క్లాసంతా ఆయన వైపు తిరిగిపోతుంది. రెండు పేజీల ఉపన్యాసం ఇస్తాడు, తాగుబోతు తండ్రి ఏడుస్తాడు, బడి మానేసిన పిల్ల సంచీ తగిలించుకుని తిరిగొచ్చేస్తుంది. ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోతే, మిగతా ఎపిసోడ్లలో ఆయనకి పనేముందిరా?

పెన్‌డ్రైవ్‌లో పాత సీరియళ్ళు పెట్టి పంపి, "ఇవే మాకు మోడల్" అన్నావు. అన్నీ కాకపోయినా చాలావరకు చూశాను. రాత్రి పన్నెండయినా లాప్‌టాప్ కట్టెయ్యడం లేదని మీ నాన్న సణుగుడు. కాసేపయ్యాక ఆయనా కుర్చీ లాక్కుని కూర్చునేవారు. అవి చూశాక నాకు తోచింది ఒకటే. మీరు వాటిలోంచి మేస్టార్ని తీసుకుని బడిని వదిలేశారు.

"రూమ్ 222" సంగతే చూడు. 1969 సెప్టెంబరులో అమెరికాలో ఏబీసీ చానెల్లో మొదలైంది. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు, వియత్నాం యుద్ధం నడుస్తోంది. అలాంటి రోజుల్లో పీట్ డిక్సన్ అనే నల్లజాతి మేస్టారు లాస్ ఏంజెలెస్‌లో అన్ని రంగుల పిల్లలకీ చరిత్ర చెబుతున్నట్టు, అందులో వింతేమీ లేనట్టు చూపించారు. ఆ వేషం లాయిడ్ హేన్స్ వేశాడు. నేనూ సోషల్ టీచర్నే కదా, ఆయన పాఠం ఎలా చెబుతాడోనని కన్నేసి కూర్చున్నాను. గొంతు పెంచడు. పిల్లలు వాదించుకుంటుంటే బల్లకి ఆనుకుని వింటాడు. ఎపిసోడ్ అరగంటే, అందులోనూ క్లాసు సీను చిన్నది. మిగతాదంతా వరండాలో, హెడ్మాస్టరు గదిలో, పిల్లలకి సలహాలు చెప్పే కౌన్సిలర్ లిజ్ మెకింటైర్ బల్ల దగ్గర నడుస్తుంది.

ఆ హెడ్మాస్టరు కాఫ్‌మన్ ఉన్నాడే, ఆయన నాకు తెగ నచ్చాడు. నిద్ర చాలని మొహం, నవ్వకుండా వేసే జోకులు. ఒకవైపు పైఅధికారులు, ఒకవైపు తల్లిదండ్రులు, ఇంకోవైపు ఆదర్శాలు మాట్లాడే కుర్ర టీచర్లు. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, నటుడు మైకేల్ కాన్‌స్టంటైన్ ఆ అలసటని సరిగ్గా పట్టుకున్నాడు. ఇంకొకామె ఆలిస్ జాన్సన్, టీచరు ట్రైనింగుకి వచ్చిన అమ్మాయి. మనకి బీఈడీ వాళ్ళు టీచింగ్ ప్రాక్టీసుకి చార్టులు, లెసన్ ప్లాన్లు మోసుకుంటూ వస్తారు చూడు, అచ్చం అలాగే ఉంటుంది. కంగారు, ఉత్సాహం, మధ్యమధ్య ఏడుపు. ఆ వేషం కేరెన్ వాలెంటైన్ వేసింది. 1970లో అమెరికా టీవీవాళ్ళ ఎమ్మీ అవార్డులు ఇచ్చినప్పుడు సీరియల్‌కి ఒకటి వచ్చింది, నటుల్లో కాన్‌స్టంటైన్‌కీ కేరెన్‌కీ వచ్చాయి. హీరోకి రాలేదు. ఆయన తక్కువవాడని కాదు. చుట్టుపక్కల ఇంతమంది గట్టివాళ్ళు ఉన్నారు కాబట్టే ఆయన కథ అయిదు సీజన్లు నడిచింది. నీ కథలో హెడ్మాస్టరు కునికిపాట్లు పడే విదూషకుడు. పదో తరగతి ఫలితాలు పడిపోతే ముందు పిలిచి కడిగేసేది ఆయన్నే అని మీ రైటర్లలో ఒక్కరికీ తెలియదా?

దానికన్నా ముందుది "మిస్టర్ నోవాక్", 1963 నుంచి 65 దాకా ఎన్‌బీసీలో వచ్చింది. బ్లాక్ అండ్ వైట్. కొత్తగా చేరిన ఇంగ్లీషు మేస్టారు కథ. కాస్త నీతులెక్కువ. ఒక సంగతి మాత్రం నీకు పనికొస్తుంది. 1964లో సుఖవ్యాధుల గురించి పిల్లలకి తెలియాలని, అదే చానెల్లో వచ్చే డాక్టరు సీరియల్‌తో కలిపి ఒక కథ తయారుచేసుకుంటే చానెల్ వాళ్ళు ఒప్పుకోలేదు. బాల్యవివాహం సీను తీసేయమని మీ నిర్మాతలు అంటున్నారన్నావు కదా. అరవై ఏళ్ళ నుంచీ ఇదే తంతు. పెళ్ళి చూపించొద్దంటే చూపించకు. పద్నాలుగేళ్ళ పిల్ల చెవులకి ఉన్నట్టుండి కొత్త కమ్మలు వస్తాయి. క్లాసులో ఆడపిల్లలందరికీ విషయం తెలుసు, మేస్టారికే తెలియదు. అంతే రాయి, ఆపైన నిర్మాతలు కత్తిరించడానికి ఏం దొరుకుతుంది?

"ద వైట్ షాడో" చూస్తూ మీ నాన్న మాట్లాడకుండా కూర్చున్నారంటే దాని గొప్ప నువ్వే ఊహించుకో. 1978 నుంచి 81 దాకా సీబీఎస్‌లో వచ్చింది. మోకాలు దెబ్బతిని ప్రొఫెషనల్ ఆట మానుకున్న ఒక తెల్లాయన, ఎక్కువమంది నల్లజాతి పిల్లలు చదివే పేదపేట బడికి బాస్కెట్‌బాల్ కోచ్‌గా వస్తాడు. జట్టు నెమ్మదిగా మెరుగవుతుంది. ఛాంపియన్‌షిప్ ఆటకి ముందు ఆ జట్టులో ఒక కుర్రాడు, కర్టిస్ జాక్సన్, సారా దుకాణంలో దొంగతనం జరుగుతున్నప్పుడు అక్కడుండి తుపాకీ దెబ్బకి చనిపోతాడు. కోచ్ మాటతో ఆగే చావు కాదది. ఆ తర్వాతి సీజన్‌కి మరికొందరు పిల్లలు చదువు పూర్తిచేసుకుని కథలోంచే వెళ్ళిపోతారు. చూసేవాళ్ళకి నచ్చినా నచ్చకపోయినా బడి అంటే అంతే కదా. ఏటా మనం ఇష్టపడ్డ బ్యాచ్ వెళ్ళిపోతుంది, ముక్కూమొహం తెలియని బ్యాచ్ వచ్చి అవే బెంచీల మీద కూర్చుంటుంది.

అది చూశాక నీ స్క్రిప్టు మళ్ళీ తిరగేశాను. డ్రిల్లు మాస్టారే లేడు! విజయనగరం జిల్లా కథ రాస్తూ డ్రిల్లు మాస్టార్ని మరిచిపోతావా? నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఉంది, ఆడపిల్లలు తెల్లవారకుండా లేచి బరువులెత్తే ఊరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది, మన దేశంలో ఒక ఆడది తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. ఆవిడకి మొదట బరువులెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్నగారి పేరు మీ టీములో ఎంతమంది విన్నారో అడిగి చూడు. నీ హీరో పాఠం చెప్పేది నలభై అయిదు నిమిషాలు. డ్రిల్లు మాస్టారు పొద్దున్న అయిదింటికి గ్రౌండులో ఉంటాడు. ఏ పిల్ల ఏం తినకుండా వచ్చిందో, ఎవడి ఒంటి మీద వాతలున్నాయో బళ్ళో ముందు తెలిసేది ఆయనకే.

జపాన్ వాళ్ళ "కిన్‌పాచి సెన్సెయ్" గురించి నీకూ నాకూ గొడవ వస్తుందని తెలుసు. ఆయన కూడా ఉపన్యాసాలిస్తాడు కదమ్మా అంటావు. ఇస్తాడు. 1979లో మొదలై 2011 దాకా వచ్చిపోతూ ఉన్న కథ, మొదట్నుంచీ తకేదా తెత్సుయ అనే నటుడొక్కడే మేస్టారు, క్లాసు మాత్రం ప్రతిసారీ కొత్తది. మన పదో తరగతి ఈడు పిల్లలు. రెండో సీరియల్లో ఒక కుర్రాణ్ణి పాత బడివాళ్ళు కుళ్ళిన నారింజ అని గెంటేస్తారు, పెట్టెలో ఉంచితే మిగతావి కూడా కుళ్ళిపోతాయట. మా స్టాఫ్ రూములో ఈ మాట వినని ఏడాది లేదు. నారింజ అనేవారు కాదు గాని, "వాడొక్కడు చాలండీ క్లాసంతా పాడుచెయ్యడానికి" అనేవారు. కిన్‌పాచి ఆ మాట మీద గట్టిగానే మాట్లాడతాడు, మాట్లాడుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ తర్వాత ఏమవుతుందో చూశావా? ఆ కుర్రాడూ స్నేహితులూ పాత బడికి వెళ్ళి ప్రసారాల గది ఆక్రమిస్తారు, పోలీసులు వచ్చి పిల్లల చేతులకి బేడీలు వేసి వ్యానులో తీసుకుపోతారు. అంత మంచి ఉపన్యాసమూ ఆ వ్యాను ఆపలేకపోయింది. నువ్వు ఉపన్యాసం ఒక్కటీ తీసుకుని వ్యాను వదిలేశావు.

ఇంగ్లండు వాళ్ళ "గ్రేంజ్ హిల్" కొంచెమే చూడగలిగాను, ఆ యాస నాకు అందలేదు. మేస్టర్లు పక్కన, పిల్లలు మధ్యన. నీకు అది నచ్చినట్టుంది, మంచిదే. మన జీ టీవీలో 1998లో వచ్చిన "హిప్ హిప్ హుర్రే" మీ అక్క తెగ చూసేది. నగరం పిల్లలు, టైలు, కేంటీను. మన జిల్లాపరిషత్ బడికి దాంతో పని లేదు. దూరదర్శన్‌లో శంకర్ నాగ్ తీసిన "మాల్గుడి డేస్"లో స్వామి బెత్తం దెబ్బలు పడలేక బడి వదిలి పారిపోవడం మాత్రం ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటుంది.

అన్నట్టు మన ఊళ్ళోనే మొదలయ్యే గురుశిష్యుల నాటకం ఉండగా నువ్వు అమెరికా దాకా వెళ్ళావు. "కన్యాశుల్కం" తెర లేచేది బొంకులదిబ్బ మీద. 1892లో మొదట ఆడిందీ ఈ ఊళ్ళోనే. గిరీశం మేస్టారే కదా, శిష్యుడు పరీక్ష తప్పిన వెంకటేశం. మీ దగ్గర చుట్ట కాల్చడం ఒక్కటే నేర్చుకున్నానని శిష్యుడే అంటాడు. గురజాడ అప్పారావుగారు మేస్టార్ని దేవుడు చెయ్యలేదు. అందుకే నూట ముప్పై ఏళ్ళు దాటినా ఆయన మన మధ్యే తిరుగుతున్నట్టుంటాడు. నీ మేస్టారికి కూడా ఏదో ఒక వంకర పెట్టు. వడ్డీకి డబ్బులు తిప్పనీ, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కోసం తిరగనీ. సోమవారం విశాఖ నుంచి రైలు లేటని చెప్పి రెండో పీరియడుకి రానీ.

ఇంకొకటి, కాస్త కోపంగానే చెబుతున్నాను. మన పిల్లల యాస నవ్వించే చోటే పెట్టావు. ఏడ్చే చోట, తెలివైన మాట చెప్పే చోట ఆ పిల్లలే పుస్తకాల భాష మాట్లాడుతున్నారు. మన ప్రాంతం వాళ్ళ మాటని సినిమాల్లో పనివాళ్ళకీ కమెడియన్లకీ పెట్టి నవ్వుకోవడం చూస్తూ పెరిగినవాడివి నువ్వు. "నానెల్లను మేస్టారూ, మాయమ్మ ఒక్కర్తీ అయిపోద్ది" అని ఒక పిల్ల అంటే అందులో నవ్వడానికేముంది? లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల కూడా అలాగే మాట్లాడుతుంది. మాట్లాడనీ.

బడి మానేసిన పిల్ల సంగతి ఆఖరున పెట్టుకున్నాను, అసలు కథ అదే కాబట్టి. మన వైపు తల్లిదండ్రులు సంక్రాంతికి వచ్చి, పండగ అయ్యాక హైదరాబాదు, చెన్నై పనులకి మళ్ళీ బండెక్కేస్తారు. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఆ మధ్య రోజుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఇలాగే ఒక పిల్లని తమతో తీసుకుపోవడానికి సిద్ధమయ్యారు. నేను వెళ్ళి మాట్లాడితే వాళ్ళమ్మ వినయంగా తలూపి, తలుపు వేసుకుంది. పిల్ల పేరు పరీక్ష రాసేవాళ్ళ జాబితాలో, అదే నామినల్ రోల్స్‌లో ఉంది, ఫీజు కట్టేశారని గుమస్తా పట్టుబట్టి ఇంటికెళ్ళి చెప్పాడు. ఆయన కట్టిన ఫీజే అది, వాళ్ళకి చెప్పలేదు. వంట చేసే ఆవిడ, "పిల్ల మా ఇంట్లో పడుకుంటుందిలే" అని గిన్నెలు తోముతూ తోముతూ అనేసింది. లెక్కల మేస్టారు నోరు మంచిది కాదు, కానీ సాయంత్రాలు కూర్చోబెట్టాడు. ఆ పిల్ల పరీక్షలన్నీ రాసింది, పాసయింది. ఆ తర్వాత అమ్మానాన్నల దగ్గరికి పనికి వెళ్ళిపోయింది, ఇంటర్లో చేరలేదు. ఇది గెలుపా ఓటమా అని నన్నడగకు, నువ్వు రచయితవి.

నీ పిల్లని మాత్రం మొదటి ఎపిసోడ్‌లో తిరిగి రప్పించకు. వెతకనీ. గుమస్తాకీ, వంటమ్మకీ, డ్రిల్లు మాస్టారికీ తలో ముక్క ఇవ్వు. హాజరు యాప్‌లో పెట్టలేక నీ హీరో అవస్థ పడుతుండగా ఆ పిల్ల ఎక్కిన బస్సు గేటు ముందు నుంచే వెళ్ళిపోనీ, ఆయన తలెత్తకపోనీ. అప్పుడు రెండో ఎపిసోడ్ నేనే అడిగి చూస్తాను.

పైడితల్లి అమ్మవారి పండగకి ముందురోజు తొలేళ్ళ నాటికే రా, సిరిమాను ఊరేగే రోజు వస్తే మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఇరుక్కుంటావు. వచ్చేటప్పుడు మార్చిన స్క్రిప్టు ప్రింటు తీసి పట్రా. ఫోన్లో అక్షరాలు నాకు కనబడటం లేదు. మీ నాన్న పైకి చదివి వినిపిస్తానంటున్నారు గాని, నీ హీరో డైలాగులన్నీ తన గొంతుతో చదువుతారు, నేను భరించలేను.

ఇట్లు,
అమ్మ