పోనీ క్లబ్ లాంటిది తిరుపతిలోనూ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాల్ని చూసినప్పట్నుంచి మా పాప స్వారీ నేర్పించమని ఒకటే గోల. మొన్న సెలవుల్లో ఒకచోట చేర్పిస్తే మొదటిరోజే హెల్మెట్ లేకుండా ఎక్కించేశారు, నాకైతే ప్రాణం పోయినంత పనైంది.

బ్రిటన్‌లో 1929లో మొదలైన పోనీ క్లబ్‌లో స్వారీ ఒక్కటే కాదు, మేత పెట్టడం, మాలీషు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, జీను కట్టడం అన్నీ పిల్లలకే నేర్పిస్తారు, సొంత గుర్రం లేని పిల్లలు కూడా రైడింగ్ సెంటర్ల ద్వారా మెంబర్లు కావచ్చు. పోనీ అంటే గుర్రంపిల్ల అనుకుంటారు మనోళ్లు, కాదండి, పూర్తిగా ఎదిగినా ఎత్తు 148 సెంటీమీటర్లకి మించని పొట్టి గుర్రం, అందుకే పిల్లలకి సరిపోతుంది.

పేరెంట్స్ ఫీజు కట్టే ముందు హెల్మెట్ తలకి బిగుతుగా కూర్చుందా చూడండి, బూటుకి చిన్న మడమ ఉంటే పాదం రికాబులోంచి (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే కడియం) అవతలికి జారిపోదు. మా పాప అయితే ఇప్పుడు వేరేచోట రోజూ గుర్రానికి బ్రష్ కొడతా ఉంది, గుర్రం మెడ వంచి పాప భుజం వాసన చూస్తే ఆ పిల్ల మొహం చూడాల! ఇక్కడి స్వారీ సెంటర్లు, స్కూళ్లు కలిసి ఇట్లాంటి క్లబ్ ఒకటి మొదలుపెట్టాలని నా మనవి.

- ఒక తల్లి, తిరుపతి