మాస్టారు దొరికారు

మా లెక్కల మాస్టారి ఆచూకీ చెప్పమని నెల రోజులుగా తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ విసిగించాను. మాస్టారు దొరికారు. ఎనభై దాటాయి, కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న ఆదివారం మాట్లాడాను.

మొదట్లో నా చేతిలో ఏ ఆధారమూ లేదు. మూడేళ్లు పాఠం చెప్పిన మనిషి ఇంటిపేరు మాలో ఒక్కరికీ తెలియదు. పైగా వెతకడం మొదలుపెట్టిన రెండో రోజే, ఆయన పోయి చాలా కాలమైందని ఎవరో చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అటక మీది పాత ప్రోగ్రెస్ కార్డు దింపి, సంతకం ఫొటో తీసి పంపిన స్నేహితురాలికి మొదటి దండం. సంతకంలో ఇంటిపేరు పొడి అక్షరం వేరే ఉంది. పోయింది అదే పేరున్న డ్రిల్లు మాస్టారట. (ఆయనకూ నమస్కారం, నన్ను ఎన్నిసార్లు ఎండలో నిలబెట్టినా.)

అక్కడి నుంచి దారి చూపింది బళ్లో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. బదిలీ అయిన టీచరు వెంటే సర్వీసు రిజిస్టరూ పోతుంది, పాత బళ్లో ఏముంటుంది, ఆఖరున చేసిన బడిని పట్టుకోండి అన్నారు. పట్టుకున్నాం. వాళ్లు రిటైరైన టీచర్ల సంఘంలో ఒక మేడమ్ గారి దగ్గరికి పంపారు.

ఆవిడకి థాంక్స్‌తో పాటు క్షమాపణ కూడా బాకీ. నంబరు అడిగితే, "ముందు ఆయన్ని అడగాలి కదండీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, మాస్టారి కళ్లలో మాక్యులా, అంటే కంటి వెనక పొర నడిమి భాగం, దెబ్బతిందని. చూపు అంచుల్లో కనిపిస్తుంది గానీ, సరిగ్గా మధ్యలో మసక. ఎదుటివాళ్ల ముఖం పోల్చుకోలేరు, చదవలేరు, తెలియని ఫోన్లు ఎత్తరు. నేను నాలుగు పేజీలు రాసి పెట్టుకున్న ఉత్తరం ఆయన చదవగలిగేది కాదు. ఫలానా టైముకి చెయ్యండి, పేరు నిదానంగా చెప్పండి అని దగ్గరుండి కలిపింది ఆ మేడమ్ గారే.

మాస్టారికి నేను గుర్తు లేను. ఏ బెంచీ అని అడిగారు, చెప్పినా గుర్తు రాలేదు. సరే, కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి పక్కపక్కన పేర్చి, 180 డిగ్రీలు చూపించిన రోజు గుర్తు చేశాను. బంతి మీద గీస్తేనో అని ఆ రోజు నేనడిగితే రేపు చెప్తానన్నారనీ, ఈలోపే బదిలీ అయిపోయారనీ చెప్పాను.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "గ్లోబు తీసుకో. ఉత్తర ధ్రువం నుంచి రెండు రేఖాంశాలు దింపు, మధ్యన 90 డిగ్రీలు ఉండేట్టు. భూమధ్యరేఖ దగ్గర ఆపు. మూడు మూలలూ ఎంతెంత?"

మూడూ తొంభైలే. 270.

"గీసి చూశావా, నోటితో చెప్తున్నావా?" అన్నారు.

వచ్చే ఆదివారం గీసి, మళ్లీ చెయ్యమన్నారు. బంతి తెచ్చాను.